బాగ్‌బేరా: పటంపై ఒక చుక్క

హౌరా నుండి ముంబయికి పోయే రైలుమార్గంలో టాటానగర్ జంక్షన్‌లో దిగిన తెలుగువానికి పరాయి ఊరికి వచ్చామన్న భావం ఎక్కువసేపు నిలువదు. పాత బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువుల కోసం, 1907లో ఏర్పడిన టాటా ఉక్కు సంస్థలో పనుల కోసం మనవారు తరతరాలుగా ఇక్కడికి తరలివచ్చారు. బిష్టుపూర్ బజారులో తెలుగువారి రామమందిరం ఉన్నది. రైలు కాలనీలలో తెలుగు మాట వినిపిస్తుంది. ఈ స్టేషన్‌కు చేరువలో, ఖర్కాయి నది దిక్కుగా విస్తరించిన పేట బాగ్‌బేరా.

ఉక్కు నగరంలోని పాత వాడలవలె గీతలు గీసి కట్టిన పేట కాదిది. పంచాయతీల పాలనలో, ఇంటి పక్క ఇల్లుగా, సందు వెనుక సందుగా పెరిగినది. ఇక్కడ ఒక మేడను వెదకాలంటే తపాలా చిరునామాకంటె పక్కనున్న కిరాణా దుకాణం గుర్తు ఎక్కువ ఉపకరిస్తుంది. పేర్ల సంగతి చెప్పనే అక్కరలేదు. సాక్చి అన్న పల్లె 1919లో జంషెడ్‌పూర్ అయినది; కాళీమాటి స్టేషన్ టాటానగర్ అయినది. పేర్లు మారవచ్చుగాని అక్షాంశ రేఖాంశాల అంకెలు మారవని, వాటికి అనువాదం అవసరం లేదని చాలామంది తలుస్తారు. నా వృత్తి అనువాదం కావడంవల్ల కాబోలు, అంకెలకు సైతం అనువాదం కావలసివస్తుందన్న సంగతి నన్ను ఆకర్షించింది. బాగ్‌బేరా మేడపై ఒక రేడియో కేంద్రాన్ని పటంలో గుర్తించవలసి వస్తే ఆ సంగతి తేటతెల్లమవుతుంది.

రేడియో కేంద్రమనగానే మనకు ఆకాశవాణి తలపుకు వస్తుంది. కాని పోలీసుల వైర్‌లెస్, రైల్వేవారి సెట్లు, అభిరుచితో నడిపే హామ్ రేడియోలు కూడ కేంద్రాలే. హ్రస్వతరంగాలు ఆకాశపు పై పొరల నుండి వంగి వేలాది మైళ్లు పోగలవు. చేతిలో పట్టుకొనే చిన్న సెట్ల తరంగాలకు ఆ సౌకర్యం లేదు. అవి దాదాపు చూపు సాగే దారినే పోతాయి. కొండ అడ్డమైతే ఆగుతాయి. కనుక కేంద్రం పెట్టబోయేముందు మధ్యనున్న నేల ఎత్తుపల్లాలు తెలియాలి.

ఆ పని నేడు డిజిటల్ భూతల పటాలు చేస్తున్నాయి. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్షనౌక 11 రోజులపాటు రాడార్‌తో భూగోళంలో అత్యధిక భాగపు ఎత్తులను కొలిచింది. 2005 మే 5న మన శ్రీహరికోట నుండి ఎగిరిన కార్టోశాట్-1 రెండు కెమెరాలతో, రెండు కళ్లతో చూచినట్లు, నేలను చిత్రించింది. ఆ చిత్రాల నుండి తయారైన ఎత్తుల పటాన్ని హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ‘భువన్’ ద్వారా అందరికీ అందుబాటులో ఉంచింది. ఈ పటాలలో నేల సుమారు 30 మీటర్ల గళ్లుగా ఉంటుంది, గడికొక ఎత్తు. రెండు కేంద్రాల స్థానాలిస్తే కంప్యూటర్ మధ్యనున్న గళ్ల ఎత్తులను వరుసగా పేర్చి, భూమి వంపును కూడ కలిపి, మాట అందునో లేదో అంచనా కట్టుతుంది. కాని స్థానం తప్పుగా ఇస్తే అది వేరొక నేలను కొలిచి, అంతే ధీమాగా జవాబు చెప్పుతుంది!

మొదటి చిక్కు అంకెలను వ్రాయడంలోనే ఉన్నది. జంషెడ్‌పూర్ అక్షాంశం సుమారు 22 డిగ్రీల 47 నిమిషాలు. డిగ్రీకి 60 నిమిషాలు గనుక దశాంశాలలో అది 22.78 అవుతుంది. దానినే 22.47 అని వ్రాస్తే కేంద్రం సుమారు 35 కిలోమీటర్లు దక్షిణాన, ఒడిశా దిక్కుగా జరిగిపోతుంది. సెకనులను వదలి నిమిషాలతో సరిపుచ్చుకొన్నా ఒక కిలోమీటరుకు దగ్గరగా తేడా రావచ్చు. ఒక్క సెకను అంటే ఇక్కడ ఉత్తర దక్షిణాలుగా సుమారు 31 మీటర్లు, అంటే పటంలో ఒక గడి.

రెండవ చిక్కు చారిత్రకమైనది. 1802లో మద్రాసు వద్ద విలియం లాంబ్టన్ ఆరంభించిన మహా త్రికోణమితీయ సర్వేను ఆయన తరువాత జార్జ్ ఎవరెస్ట్ కొనసాగించాడు. భారతదేశపు నేలకు సరిపోయేటట్లు 1830లో ఎవరెస్ట్ ఒక భూగోళపు ఆకృతిని లెక్కగట్టాడు. మన పాత సర్వే పటాలు ఆ ఆకృతిని ఆధారం చేసుకొన్నవే. ఉపగ్రహ సాధనాలు అనుసరించే ఆకృతి వేరు. 1984 నాటి ప్రపంచ ప్రమాణమది. 2005 నాటి జాతీయ పటాల విధానం ప్రజలకిచ్చే పటాలను కొత్త ప్రమాణంలోనికి మార్చింది. పాత పటంలో చదివిన అంకెలను మార్చకుండ కొత్త పటంపై పెట్టితే జంషెడ్‌పూర్ ప్రాంతంలో చుక్క 200 మీటర్లకు పైగా పక్కకు తొలగుతుంది. రెండు భాషలలో ఒకే తీరున పలికే పదానికి వేర్వేరు అర్థాలు ఉన్నట్లే ఇదీను. ఏ ప్రమాణంలో కొలిచామో చెప్పని అంకెలు సగం చిరునామాయే.

మూడవది ఎత్తు. రైలు ప్రయాణికులెరిగిన పసుపు పలకపై ఊరి పేరు కింద సముద్రమట్టానికి ఎత్తు వ్రాసి ఉంటుంది. టాటానగర్ ఎత్తు సుమారు 159 మీటర్లు. ఉపగ్రహ సాధనం మొట్టమొదట లెక్కించేది సముద్రమట్టం నుండి కాదు, ఆ గణిత ఆకృతి ఉపరితలం నుండి. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో సగటు సముద్రమట్టం ఆ ఉపరితలానికి 100 మీటర్లకు పైగా దిగువన ఉన్నది. జంషెడ్‌పూర్ వద్ద కూడ పదుల మీటర్ల తేడా ఉంటుంది. చాలా సాధనాలు ఈ సవరణను తామే చేస్తాయి. చేసినదీ లేనిదీ తెలుసుకోవడానికి ఆ పసుపు పలకే చక్కని సాక్షి. మరొక మెలిక: రాడార్ కొలతలో చెట్ల గుబురులు, మేడల కప్పులు కొంతవరకు నేలగా చేరిపోతాయి. కిక్కిరిసిన పేటలో మేడ ఎత్తును మళ్లీ కలిపితే ఒకే మేడను రెండుసార్లు లెక్కించినట్లవుతుంది.

బాగ్‌బేరా నేల దాదాపు సమతలం. ఇక్కడ చుక్క 200 మీటర్లు జరిగినా ఎత్తు ఆట్టే మారదు. నిర్మలమైన ఉదయాన ఉత్తరంగా చూస్తే నగరం వెనుక దల్మా కొండలు నీలంగా కనిపిస్తాయి. వాటి శిఖరం సుమారు 3000 అడుగులు. మాటను అందుకొని తిరిగి పంపే రిపీటర్‌ను నిలపాలంటే ఎవరి చూపైనా మొదట అక్కడికే పోతుంది. ఆ సన్నని శిఖరరేఖపై అదే 200 మీటర్ల పొరపాటు కేంద్రాన్ని ఆవలి వాలులోనికి దించివేస్తుంది. అప్పుడు పటంలో దల్మాయే బాగ్‌బేరాకు అడ్డుగోడ అవుతుంది. తప్పు ఇందుకు విరుద్ధంగా జరిగితే మరింత ప్రమాదం. పటం అందుతుందన్న మాట ఆపత్సమయంలో అందదు.

2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడినప్పుడు, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్లిన భారతీ ప్రసాద్ బృందం హామ్ రేడియోతో అండమాన్ వార్తలను ప్రధాన భూభాగానికి అందించింది. ఖర్కాయి, సువర్ణరేఖ నదులు పొంగే ఊరికి ఈ ఉదాహరణ దూరపుది కాదు. వరద వచ్చిన రాత్రి పటాన్ని సరిచూచుకొనే తీరిక ఉండదు. ఇంకొక సంగతి: సోనారీలోని విమానాశ్రయం ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. మనదేశంలో రేడియో టవర్‌కు స్థల అనుమతి కోరేటప్పుడు అక్షాంశ రేఖాంశాలను సెకనులతో సహా, నేల ఎత్తును, టవర్ ఎత్తును తెలుపవలసి ఉండటానికి ఒక కారణం విమానాల క్షేమమే.

చేయవలసినది కష్టమైన పని కాదు. టవర్ మొదట్లో, ఆకాశం బాగా కనిపించేచోట, సాధనాన్ని కొన్ని నిమిషాలు నిలిపి సగటు స్థానం తీసుకోవాలి. దశాంశాలైతే అయిదు స్థానాలదాకా వ్రాయాలి. అయిదవ స్థానం సుమారు ఒక మీటరును తెలుపుతుంది. పక్కనే ప్రమాణం పేరు వ్రాయాలి. నేల ఎత్తును, యాంటెనా ఎత్తును వేరువేరుగా చూపాలి. ఆపైన ఉపగ్రహ చిత్రంలో ఆ చుక్క తన మేడపైనే పడినదా అని కంటితో చూచుకోవాలి. సందుల నడుమ ఇల్లు వెదికే బాగ్‌బేరా వారికి ఈ చివరి పని కొత్త కాదు. చిరునామా ఎంత వివరంగా ఉన్నా, తలుపు తట్టేముందు పక్క దుకాణంలో ఒకమారు అడిగి రూఢి చేసుకోవడం వారికి అలవాటే.