ఒక చుక్క తప్పింది

జనవరి ఒకటో తారీఖు దగ్గర పడుతోందంటే మా బందరులో పుస్తకాల కొట్ల ముందు దండేలు కట్టి గ్రీటింగు కార్డులు వేలాడదీసేవాళ్లు. గుర్తున్నాయా మీకు? గులాబీలు, సూర్యాస్తమయాలు, సినిమా హీరోలు... తెరవగానే పాట పాడే కార్డయితే కొట్టతను అద్దాల బీరువాలో దాచేవాడు. అడిగిన వాళ్లకే చూపించేవాడు. కార్డు కవర్లో పెట్టి, మూత అంటించకుండా లోపలికి దోపి, పైన ‘బుక్ పోస్ట్’ అని రాస్తే తక్కువ స్టాంపుతో వెళ్లిపోయేది.

మా అమ్మకి మాత్రం కొన్న కార్డులు నచ్చేవి కావు. ‘ఎవరో వేసిన బొమ్మ కింద నీ పేరు రాస్తే నీదైపోతుందిటే?’ అనేది. బెండకాయని అడ్డంగా కోసి, సిరాలో ముంచి, డ్రాయింగు షీటు మీద అద్దించేది. ఐదు రేకల పువ్వులు! బడిలో అందరూ రంగురంగుల కార్డులు ఇచ్చుకుంటుంటే నేను బెండకాయ పువ్వులు పంచడానికి సిగ్గుపడేదాన్ని. ఒక ఏడాదయితే అవన్నీ సంచిలోనే ఉంచి తిరిగి తెచ్చేశాను. అమ్మకి చెప్పలేదు.

ఇప్పుడు అమ్మకి చూపు లేదు. షుగరు రెటీనాని దెబ్బతీసింది. లేజరు చేశారు, కంట్లో ఇంజెక్షన్లు ఇచ్చారు. మేం తీసుకెళ్లేసరికే ఆలస్యమైంది. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. ఇన్నేళ్లలో అమ్మ ముగ్గు పెట్టని రోజు నేను చూడలేదు. జ్వరమొచ్చినా నాలుగు గీతలైనా లాగి వచ్చేది. చూపు తగ్గాక కూడా కొన్నాళ్లు పెట్టింది. గీతలు చుక్కల మీదుగా పోతున్నాయని వీధిలో ఎవరో నవ్వారట. మర్నాటి నుంచి పిండి డబ్బా ముట్టుకోలేదు.

అప్పుడు నేనొక తెలివైన పని చేశాను. హైదరాబాదు నుంచి స్టిక్కరు ముగ్గులు కొనుక్కెళ్లి గుమ్మంలో అంటించాను. ‘ఇక నీకు శ్రమ లేదమ్మా’ అన్నాను కూడా. అమ్మ చెప్పు విడిచి, కాలి బొటనవేలితో తడిమి చూసింది. ‘నున్నగా ఉందే... ఇందులో ఏముంది?’ అంది. అంతే. ఆ తర్వాత వాకిట్లో ముగ్గుందా లేదా అని అడగడమే మానేసింది. ఫోన్లో మాటలు కూడా ‘తిన్నావా, పాప ఎలా ఉంది’ దగ్గర ఆగిపోయేవి.

సంక్రాంతికి రెండు నెలల ముందు, చేత్తో చేసే గ్రీటింగు కార్డుల మీద ఒక కథనం కోసం ఓ వారాంతపు క్లాసుకి వెళ్లాను. గృహిణులు, ఇద్దరు కాలేజీ పిల్లలు, రిటైరైన ఓ మాస్టారు. బల్ల నిండా రబ్బరు స్టాంపులు, ఇంకు ప్యాడ్లు, పువ్వులూ సీతాకోకచిలుకలూ కత్తిరించే పంచ్‌లు. (ఇంట్లో పిల్లలుంటే ఈ పంచ్‌లు కొనేముందు ఒకసారి ఆలోచించండి. మా పాప చేతిలో కరెంటు బిల్లుకి కూడా సీతాకోకచిలుకలు పడ్డాయి.) పంచ్ మొద్దుబారితే అన్నం పొట్లాలు చుట్టే అల్యూమినియం రేకుని రెండు మూడు మడతలు వేసి నాలుగుసార్లు నొక్కితే మళ్లీ పదునెక్కుతుందని అక్కడే తెలిసింది.

ఆ క్లాసులోనే ఎంబాసింగు చూశాను. త్వరగా ఆరని ఇంకుతో స్టాంపు వేస్తారు. తడి ఉండగానే మెత్తటి పొడి చల్లి, కాగితాన్ని వంచి తడతారు. తడి ఉన్నచోటే పొడి నిలుస్తుంది. మిగిలింది మళ్లీ సీసాలోకి. దాని మీద హీట్‌గన్ పెడితే పొడి కరిగి, మెరుస్తూ ఉబ్బెత్తుగా గట్టిపడుతుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు పనికిరాదు. దానికి వేడి చాలదు, గాలికి పొడి ఎగిరిపోతుంది. ఇస్త్రీపెట్టె బాగా వేడిచేసి, కాగితాన్ని అడుగువైపు నుంచి దానికి దగ్గరగా పట్టుకుంటే మాత్రం పనవుతుంది. వేళ్లు జాగ్రత్త!

నేర్పే ఆవిడ ఒక కార్డు చేతికిచ్చి చూడమన్నారు. అప్పుడే కరెంటు పోయింది. చీకట్లో నా వేలి కింద ఒక ఆకు, ఈనెలతో సహా తగిలింది. నాకు వెంటనే గుమ్మంలో అమ్మ బొటనవేలు గుర్తొచ్చింది.

ముందు అక్షరాలే అనుకున్నాను. దళసరి కాగితాన్ని మెత్తటి గుడ్డ మీద బోర్లించి, సిరా అయిపోయిన రీఫిల్లుతో వెనకవైపు నుంచి నొక్కి రాస్తే ముందువైపు ఉబ్బుతుంది. కాకపోతే తిరగేసి రాయాలి. ‘అమ్మకి’ అని తిరగేసి రాసి, కళ్లు మూసుకుని తడిమితే నాకే అర్థం కాలేదు. మన తలకట్లూ వంపులూ వేలికి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. మూడు కార్డులు పాడయ్యాయి. నాలుగోసారి తట్టింది, ముగ్గయితే తిరగేసినా ముగ్గే కదా!

సందు చుక్క ముగ్గు, ఏడు నుంచి నాలుగు దాకా. మధ్య వరుసలో ఏడు చుక్కలు, అటూ ఇటూ ఆరు, ఐదు, నాలుగు. మొత్తం 37. అమ్మ నాకు నేర్పిన మొదటి ముగ్గుల్లో అదొకటి. గీతలు వెనక నుంచి రీఫిల్లుతో నొక్కాను. చుక్కలకి పెన్సిలు చివర ఉండే రబ్బరే స్టాంపు. ఒకసారి కరిగించిన పొడి పల్చగా ఉంది. అందుకని వేడి మీదే ఇంకోసారి, మరోసారి చల్లాను. మూడు పొరలకి చుక్క కందిగింజంత లేచింది. అన్నట్టు, పొడి చల్లేముందు కాగితానికి కాస్త టాల్కం పౌడరు రుద్ది దులిపితే అక్కర్లేని చోట అంటుకోదు. మధ్యలో గొబ్బెమ్మకి, పంచ్‌తో కోసిన పువ్వుల్ని ఆరింటిని ఒకదాని మీద ఒకటి అంటించాను. కాగితం తెలుపు, పొడి తెలుపు, ఇంకుకి రంగే లేదు. రంగులెవరికోసం?

మా ఇంట్లో పెడన నుంచి తెచ్చిన పాత కలంకారీ అచ్చు ఒకటుంది, టేకుది, మామిడిపిందె డిజైను. కవరు కాగితాన్ని కొంచెం చెమ్మచేసి, ఆ అచ్చు మీద పరిచి, చెంచా వెనకవైపుతో రుద్దాను. పిందె పైకి తేలింది. పోస్టులో చుక్కలు నలిగిపోతాయని రెండు అట్టల మధ్య పెట్టి పంపాను.

ఐదో రోజున వదిన ఫోను. నేను డెస్కులో ఉన్నాను. ‘మీ అమ్మ మాట్లాడతారట’ అంది.

‘పెడన అచ్చేమే ఇది?’ అంది అమ్మ. అవునన్నాను. కాసేపు మాటల్లేవు. కాగితం మీద వేళ్లు కదులుతున్న చప్పుడు. అన్నయ్య ఏదో అనబోతే ‘ఉండరా’ అంది. లోపల్లోపల లెక్క పెట్టుకోవడం వినిపించింది. నాలుగు... ఐదు... నా పక్క సీట్లో అబ్బాయి పేజీ ఇమ్మని సైగ చేస్తున్నాడు. నేను కదల్లేదు.

‘మూడో వరుసలో ఆరుండాలి కదే. ఐదే పెట్టావ్!’

‘లేదమ్మా, సరిగ్గానే పెట్టాను’ అన్నాను. ‘ఒక చుక్క తప్పింది. నేర్పినప్పుడూ ఇంతే, ఎప్పుడూ తొందర’ అంది. గొంతులో కోపం. ఎన్నాళ్లయింది అమ్మ నన్ను తిట్టి!

ఫోను పెట్టేశాక, పంపేముందు సెల్లులో తీసుకున్న ఫొటో పెద్దది చేసి చూశాను. తెలుపు మీద తెలుపు. ఎంత వెతికినా తెలియలేదు. ఒకచోట పొడి చల్లేలోపే ఇంకు ఆరిపోయి ఉంటుంది.

భోగి ముందురోజు ఇంటికెళ్లాను. గుమ్మంలో స్టిక్కరు ముగ్గు లేదు. ఎవరు పీకారని నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. కార్డు అమ్మ మంచం పక్కన, కిటికీలో ఉంది. మడతల దగ్గర అప్పటికే మాసింది. తీసి చూశాను. మొత్తం తెల్లటి ముగ్గులో, మూడో వరుసలో, కొద్దిగా పక్కకి జరిగి ఎర్రటి బొట్టు బిళ్ల ఒకటి అంటించి ఉంది.