ఒక మీటరు డెబ్బై

మహారాష్ట్రలోని సిరోంచ తాలూకాలో సైన్సు మాస్టరుని. పాఠం మరాఠీలో చెబుతాను, పిల్లల మొహాల్లో అర్థం కాలేదని కనిపిస్తే తెలుగులోకి దిగుతాను. శనివారం ఆఖరి పీరియడు మాత్రం కథల పుస్తకానిది. దానికోసమే ముప్పై ఏళ్ల తర్వాత కానన్ డాయిల్ 'ది లాస్ట్ వరల్డ్' మళ్లీ చేతబట్టాను. 1912 నాటి నవల. దక్షిణ అమెరికాలో ఎక్కడానికి దారిలేని పీఠభూమి, దానిమీద ఇంకా బతికున్న డైనోసార్లు.

చిన్నప్పుడు ఆ రాకాసి బల్లుల కోసం మిగతా పేజీలన్నీ దాటేశాను. లండన్ సభలో పండితుల వాదులాట మరీ విసుగనిపించేది. ఇప్పుడు నాకు అదే ప్రాణం. ప్రొఫెసర్ ఛాలెంజర్ ఎంత గొంతు చించుకున్నా సభ నమ్మదు, కళ్లతో చూసి రమ్మని మనుషుల్ని పంపుతుంది. రుజువు అడగడం తప్పు కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు.

మా రుజువు మా తాలూకాలోనే దొరికింది. ఆ సంగతి నా చిన్నతనంలో ఎవరూ చెప్పలేదు. 1961లో కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పోచంపల్లి దగ్గర ఒక పెద్ద డైనోసార్ ఎముకలు తవ్వితీశారు. పెద్ద కాలుది గనక 'బారాపా', తవ్విన ఏడు రవీంద్రుడి శతజయంతి గనక ఆయన పేరు కలిపి, 1975లో 'బారాపాసారస్ టాగోరై' అన్నారు. తొడఎముక ఒక్కటే 1.7 మీటర్లు.

వరండాలో సుద్దతో అంత గీత గీశాను. తరగతిలో అందరికన్నా పొడుగు పిల్ల దాని పక్కన పడుకుంది. మడమ దాటి ఇంకా జానెడు గీత మిగిలింది. "గిది ఒక్క బొక్కేనా సార్?" అని లేచి, బట్టలకంటిన దుమ్మైనా దులుపుకోకుండా జానలతో మళ్లీ కొలిచింది.

అదే నవలలో తుపాకులతో వచ్చినవాళ్లు పీఠభూమి మీది వానరమనుషుల వధలో చేయి కలుపుతారు. చిన్నప్పుడు నేను చప్పట్లు కొట్టిన ఘట్టం. నమ్మకంగా పనిచేసే నల్లజాతి మనిషిని రచయిత తెలివిలో గుర్రంతో పోలుస్తాడు. మొదటి ఏడు అదంతా ఊపులో చదివేశాను. మాడియా గిరిజన పిల్లవాడొకడు లేచి, "ఎందుకు చంపిన్రు సార్? అది ఆళ్ల జాగనే గదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఆ పేజీలు దాటవేయను. చదివి, పుస్తకం మూసి, మిగిలిన పీరియడంతా పిల్లల మాటలకే వదిలేస్తాను.

బారాపాసారస్ అస్థిపంజరం కోల్‌కతాలో ఉంది. మా బడి పిల్లలెవరూ దాన్ని చూడలేదు. ఆ తొడఎముక అచ్చు ఒక్కటి మా బడికి ఇప్పించమని తవ్వితీసిన సంస్థను కోరుతున్నాను. వరండాలో చోటుంది.