గంప దించి కూర్చున్న రాత్రి



మేము ప్రకాశం జిల్లాలో ఒక పల్లెలో కాపురముంటున్న సామాన్య కుటుంబీకులము. మాలో ఒకరు కౌలు రైతు, ఒకరు అంగన్‌వాడీ టీచరు. ఇంట్లో చదువుకొనే ఇద్దరు పిల్లలు, వారి నాయనమ్మ ఉన్నారు. గొప్ప సాక్ష్యము చెప్పదగినవారము కాము. అయినను దేవుడు మాకు నేర్పిన ఒక్క పాఠము మీకు కూడా ఉపయోగపడునేమోనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా ఇంట్లో తెల్లవారుజామున నాలుగింటికే లైటు వెలుగుతుంది. గేదెల కింద పేడ తీయాలి. పాలు పితికి పాలకేంద్రానికి చేర్చాలి. అన్నం ఉడికేలోగా పిల్లలకు జడలు వేయాలి. ఏడున్నరకు బడి ఆటో వస్తుంది. ఆ తరువాత ఒకరికి అంగన్‌వాడీలో పిల్లల బరువు తూచడం, గుడ్లు, పాలు పంచడం, రిజిస్టర్లు వ్రాయడం, మళ్లీ అదే లెక్క సెల్‌ఫోనులో ఎక్కించడం. ఇంకొకరికి కూలీల కోసం తిరగడం, నీళ్లు కట్టడం, మందు కొట్టడం. ఆదివారమైతే సండేస్కూలు, స్త్రీల సమాజము, కానుకల లెక్క.

ఇంత పనిలోనూ కుటుంబ ప్రార్థన మానలేదని మమ్మును మేమే మెచ్చుకొనేవాళ్లము. ఆ ప్రార్థన ఎలా ఉండేదో చెప్పాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉన్నది. ఒకరి చెవి పొయ్యి మీద కూర వైపు, ఒకరి కన్ను ఫోనులో మిర్చి ధర వైపు. పిల్లలు నిద్రతో తూలుతుండేవారు. రెండు నిమిషాలలో ఆమేన్ అనేసి లేచేవాళ్లము.

ఇట్లుండగా 2021వ సంవత్సరము వచ్చింది. ఆ ఏడు మూడెకరాలు కౌలుకు తీసుకొని మిరప వేశాము. చేను ఏపుగా పెరిగింది. సరిగ్గా పూత మీదకు వచ్చే వేళకు నల్ల తామరపురుగు పడింది. ఆ సంవత్సరము ఆంధ్రలో, తెలంగాణలో ఎన్నో వేల ఎకరాల మిరపను అది పాడుచేసింది. పువ్వు విప్పి చూస్తే లోపల నల్లగా సన్నని పురుగులు కదిలేవి. ఏ మందు కొట్టినా రెండు రోజులే. నీలిరంగు జిగురు అట్టలు కట్టాము, వేపనూనె కొట్టాము, కొట్టువాడు ఇచ్చిన ఖరీదైన మందులన్నీ కొట్టాము. పూత రాలిపోతూనే ఉన్నది.

అప్పుడు మా ఇంట్లో ఇంకొక పురుగు కూడా పడింది. అది దాపరికము. మాలో ఒకరు మందుల కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు వ్రాసి, ఇంట్లో చెప్పలేదు. ఇంకొకరు పిల్లల ఫీజు కోసం డ్వాక్రా సంఘంలో అప్పు తీసి, అదీ చెప్పలేదు. ఒకరిని బాధపెట్టకూడదని ఒకరము అనుకున్నాము. చివరకు ఇద్దరమూ మాట్లాడుకోవడమే మానివేశాము. ఒకరు నోరు తెరిస్తే ఇంకొకరికి కోపం వచ్చేది. పిల్లలు మా ముఖాలు చూసి మెల్లగా నడవడం నేర్చుకున్నారు.

డిసెంబరు నెలలో ఒక రాత్రి తొమ్మిదైనా చేను నుండి మనిషి రాలేదు. ఫోను మోగుతున్నది గాని ఎత్తడం లేదు. నాయనమ్మ, "అమ్మాయ్, టార్చిలైటు తీసుకో. నాకు మనసు బాగోలేదు, పోదాం పద" అన్నది. వెళ్లి చూస్తే మోటారు షెడ్డులో, చీకటిలో, మందు డబ్బాల పక్కన ఒంటరిగా కూర్చుని ఉన్నారు. ఆ వేళ ఆ మనస్సులో ఏమి తిరుగుతున్నదో విడమరచి వ్రాయనవసరము లేదు. పల్లెల్లో ఉన్న మన కుటుంబాలకు అది చెప్పకుండానే తెలుసు.

నాయనమ్మ ఏడవలేదు, తిట్టలేదు. కొడుకు పక్కన నేల మీదనే కూర్చున్నది. మేమూ కూర్చున్నాము. కొంతసేపటికి ఆమె తన అమ్మమ్మ దగ్గర విన్న సంగతి ఎత్తుకున్నది. ఆ అమ్మమ్మ తల్లిదండ్రులు ధాత కరువులో బకింగ్‌హాం కాలువకు మట్టి మోసినవారు.

ఆ చరిత్ర మన సంఘాల పెద్దలకు తెలిసినదే. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమంతా ఘోరమైన కరువు వచ్చింది. ప్రభుత్వము కరువు పనిగా సముద్రపు ఒడ్డు వెంబడి కాలువ తవ్విస్తున్నది. ఒంగోలు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర గారు అందులో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికేటట్లు చేశారు. బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. పని మధ్య అలుపు తీర్చుకొనుటకు జనులు కూర్చున్నప్పుడు ఆ బోధకులు వారితో మాట్లాడేవారు. మత్తయి సువార్త 11వ అధ్యాయములో, అలసినవారినీ బరువులు మోసేవారినీ ప్రభువు తన యొద్దకు పిలిచిన పిలుపును అక్కడ మరల మరల వినిపించేవారు. నెత్తిన మట్టి మోసేవారికి ఆ మాట వేరే వివరము అక్కరలేకుండానే అర్థమైంది. అయినా బియ్యము కోసం వచ్చారను మాట రాకూడదని, కరువు సహాయము ముగియువరకు దొరగారు వారికి బాప్తిస్మమివ్వలేదు. ముగిసిన తరువాత 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఆ రాత్రి నాయనమ్మ ఈ తేదీలేమీ చెప్పలేదు. ఆమె చెప్పింది ఒక్కటే. "నాయనా, వాళ్లు కూర్చునేటప్పుడు నెత్తి మీది గంప దించి కూర్చున్నారు. గంప నెత్తిన పెట్టుకునే ఎవరైనా కూర్చుంటారా? మీరిద్దరూ రోజూ ప్రార్థనకు కూర్చుంటున్నారు గాని గంప దించడం లేదు. దించితే అందులో ఏముందో పక్కవాళ్లకు కనబడుతుందని మీ భయం."

ఆ మాట మా ఇద్దరికీ సూటిగా తగిలింది.

ఇంటికి వచ్చి, పిల్లలు పడుకున్న తరువాత, పిల్లవాని నోటుపుస్తకంలోనుండి ఒక కాగితము చించాము. ప్రోనోట్లు, కౌలు బాకీ, మందుల కొట్టు, డ్వాక్రా, ఒక్కటీ దాచకుండా వ్రాసుకున్నాము. మొత్తం నాలుగు లక్షల అరవై వేలు తేలింది. వ్రాస్తుంటే చెయ్యి వణికింది. ఒకరి అప్పు చూసి ఒకరము ఏడ్చాము, ఒకరినొకరము క్షమాపణ అడిగాము. ఆ కాగితము బైబిలు పక్కన పెట్టి మోకరించాము. పెద్ద మాటలేమీ రాలేదు. "ప్రభువా, ఇదిగో మా గంప. మా వల్ల కాదు" అని మాత్రము చెప్పాము.

అంకెలో ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. అయినా ఎన్నో వారాల తరువాత ఆ రాత్రి మాకు నిద్ర పట్టింది.

మన తెలుగులో సమాధానము అను మాటకు రెండు అర్థములున్నవి. బయట దానిని జవాబు అంటారు. మన బైబిలులో అది హృదయములోని శాంతి. మేము అన్నాళ్లూ జవాబు కోసం తిరిగాము. ధర పెరిగితే, పురుగు చస్తే, అప్పు తీరితే అప్పుడు నెమ్మదిగా ఉందాము అనుకున్నాము. ప్రభువు జవాబు కంటె ముందుగా సమాధానము ఇచ్చాడు. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయములో దేవుని సమాధానము మన హృదయములకు కావలి ఉంటుందని తెలియజేస్తున్నాడు. ఆయన అది వ్రాసింది విడుదలైన తరువాత కాదు, బంధకములలో ఉండగానే. కల్లంలో మిరపకాయ ఆరబోసిన రైతుకు కావలి విలువ తెలుసు. సరుకు ఇంకా అమ్ముడుపోలేదు, మబ్బు ఇంకా పోలేదు. అయినా నమ్మకమైన కావలివాడున్నాడు గనుక కాసేపు కన్నుమూస్తాడు.

ప్రభువు మత్తయి సువార్తలో ఆ పిలుపు తరువాత వెంటనే కాడిని గురించి చెప్పాడు. కాడి అంటే పనే గదా! అరకకు కొత్త గిత్తను కట్టేటప్పుడు అలవాటైన ఎద్దు పక్కన కడతాము. బరువు ఎక్కువగా పెద్ద ఎద్దు మీదనే పడుతుంది, గిత్త దాని అడుగును బట్టి నడుస్తుంది. పని మానిపించడం ప్రభువు ఉద్దేశము కాదు. ఒంటరిగా లాగవద్దని ఆయన చెబుతున్నాడు.

తెల్లవారి మేము ప్రార్థన మాత్రమే చేసి కూర్చోలేదు. అప్పిచ్చినవారి దగ్గరకు ఇద్దరమూ కలిసి వెళ్లి గడువు అడిగాము. ఒకరు కోప్పడ్డారు, ఇద్దరు ఒప్పుకున్నారు. ఒక గేదెను అమ్మాము. పాస్టరు గారికి ఉన్నది ఉన్నట్లు చెప్పాము. ఆయన ప్రార్థించి, ఆసుపత్రికి తోడు వచ్చి డాక్టరుకు చూపించారు. మనసుకు జబ్బు చేసినప్పుడు మందు తీసుకోవడం అవిశ్వాసము కాదని ఆయన చెప్పిన మాట మాకెంతో ధైర్యమిచ్చింది. మరుసటి ఏడు కౌలు తగ్గించి, సగములో శనగ వేశాము. అప్పు పూర్తిగా తీరడానికి మూడేళ్లు పట్టింది. 2024లో ఆఖరి ప్రోనోటు చించినప్పుడు నాయనమ్మ చేతితోనే చింపించాము.

పని ఇప్పటికీ తగ్గలేదు. నాలుగింటికే లేస్తున్నాము. కాని రాత్రి ఎనిమిదింటికి పొయ్యి ఆపి, ఫోన్లు బీరువాలో పెట్టి, పావుగంట కూర్చుంటాము. వాక్యము చదివిన తరువాత ప్రతివారూ ఆ రోజు మోసిన బరువేదో ఒకటి చెప్పాలి. చిన్నపిల్ల లెక్కల పరీక్ష చెబుతుంది. పెద్దవారము మా సంగతులు చెబుతాము. విన్నవాటినే ప్రార్థనలో పెడతాము. కొన్ని రోజులు అలసటతో మాట పెగలదు. ఆ రోజు ఊరకే కూర్చుంటాము.

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, మీ ఇంట్లో ప్రార్థన జరుగుతున్నదా అని మేము అడగడం లేదు. గంప దించుతున్నారా అని అడుగుతున్నాము. ఎవరికీ చెప్పని అప్పు, ఎవరికీ చెప్పని భయము మీలో ఉంటే ఈ రాత్రే ఇంట్లోవారికి చెప్పండి. చీకటి ఆలోచన వస్తే ఒంటరిగా ఉండవద్దు. ఎవరినైనా పిలవండి. మీ ఇంట్లో ఎవరైనా పొద్దుపోయినా రాకపోతే, మా నాయనమ్మవలె టార్చిలైటు తీసుకొని వెళ్లండి. వెళ్లి, పక్కన కూర్చోండి.

అలసినవారిని పిలిచిన ప్రభువు మీ ఇంటికి తన సమాధానమును దయచేయును గాక. ఆమేన్.