జీతం రాని ఒకటో తారీఖు

యానాంలో నాకు బాబాయి వరసయ్యే ఒకాయన కొత్త టైల్ కనిపిస్తే చాలు, చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో తట్టి చూస్తాడు. ఖంగుమంటే మంచిది, మోగకపోతే లోపల పగులు. అక్కడి టైల్స్ ఫ్యాక్టరీ రీజెన్సీ సిరామిక్స్‌లో పనిచేసినప్పుడు అబ్బిన విద్య అది.

2012 జనవరి 27న అక్కడేం జరిగిందో గోదావరి జిల్లాల వాళ్లు మరిచిపోలేదు. కార్మిక నాయకుడొకరు, కంపెనీ ఉన్నతాధికారి ఒకరు చనిపోయారు. ఫ్యాక్టరీ తగలబడింది, మూతపడింది. ఆ తప్పొప్పుల జోలికి పోను. నాకు గుర్తొచ్చేది జీతం రాని ఒకటో తారీఖులు.

నెల జీతానికి అలవాటుపడ్డ ఇల్లు ఒక్కసారిగా కిందికి దిగలేదు. పిల్లల్ని ఇంగ్లీషు మీడియం మాన్పించలేరు, పాడిన చీటీ వాయిదాలు ఆపలేరు, పెళ్లికెళితే చదివింపులు తప్పవు. ముందు పిన్ని గాజులు తాకట్టుకెళ్లాయి. తర్వాత బాబాయి అప్పు చేసి ఆటో కొన్నాడు. పిన్ని రొయ్యల తలలు తీసే షెడ్డుకి వెళ్లింది. ఐసులో నాని, వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడేవి. చుట్టాలడిగితే "ఇంట్లో పొద్దుపోక వెళ్తున్నానమ్మా" అనేది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

ఫ్యాక్టరీ తెస్తామని ఓట్లడిగే వాళ్లు, అది మూతపడితే ఆ ఇళ్లనెలా ఆదుకుంటారో కూడా అప్పుడే చెప్పాలి. మనమూ అడగాలి.