తీరం చేరిన కుర్సురా

విశాఖపట్నంలో రామకృష్ణా బీచి వెంట నడిచే యాత్రికునికి ఒక వింత దృశ్యం ఎదురవుతుంది. సముద్రగర్భంలో సంచరించవలసిన జలాంతర్గామి ఒకటి, కెరటాలకు కొద్ది దూరంలో, ఇసుక తీరాన నిశ్చలంగా నిలిచి ఉంటుంది. అదే ఐ.ఎన్.ఎస్. కుర్సురా.

1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో ఇది భారత నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధకాలంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 31 సంవత్సరాల సేవలో 73,500 నాటికల్ మైళ్ళు ప్రయాణించి, 2001లో విరమణ పొందింది. ఒడ్డుకు చేర్చిన ఈ నౌకను 2002 ఆగస్టులో ప్రజల సందర్శనార్థం తెరిచారు.

పొడవు 91 మీటర్లని విన్నప్పుడు విశాలమైన నౌక అనుకుంటాం. లోపల అడుగుపెట్టగానే ఆ భ్రమ తొలగిపోతుంది. ఒక గదినుంచి మరొక గదిలోకి వెళ్ళాలంటే గుండ్రని ద్వారంలో నడుము వంచి దూరవలసిందే. గోడలనిండా గొట్టాలు, మీటలు, చక్రాలు. టార్పెడోల సరసనే పడకలు. డెబ్బయి మందికి పైగా మనుషులు వారాల తరబడి ఇక్కడే తిని, నిద్రించి, విధులు నిర్వర్తించారు. మంచినీరు కొలిచి వాడుకోవలసిన వస్తువు. స్నానం ఒక భోగం.

ఇక్కడ దారి చూపేవారు నౌకాదళంలో పనిచేసి విరమించినవారు. నేను వెళ్ళిన రోజున మా ముందు నడుస్తున్న ఒక చిన్నారి అటూ ఇటూ చూసి, "తాతగారూ, కిటికీ ఎక్కడ?" అని అడిగింది.

ఆ పెద్దమనిషి చిరునవ్వు నవ్వారు. "కిటికీ లేదమ్మా. నీళ్ళ అడుగున మాకు చెవులే కళ్ళు" అని, శబ్దతరంగాలను ఆలకించే సోనార్ గదిని చూపించారు. వివరణ ఫలకంపై ఎంత వ్రాసినా, ఆ ఒక్క మాటకు సాటిరాదనిపించింది.

బయటికి వచ్చి బీచి రోడ్డు వెంట సాగితే 1971 విజయస్మారకం కనిపిస్తుంది. ఆ యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి ఈ తీరానికి చేరువలోనే మునిగిపోయింది. మన నౌక రాజ్‌పుత్ ప్రయోగించిన పేలుడు గుళ్ళే కారణమని భారత నౌకాదళం, ప్రమాదవశాత్తు జరిగిన విస్ఫోటనమే కారణమని పాకిస్తాన్ చెబుతూ వచ్చాయి. కారణమేదైనా, అందులోని తొంభై మందికి పైగా నావికులలో ఒక్కరూ ఇల్లు చేరలేదు. కుర్సురా ఇరుకు గదులను చూసి వచ్చిన కళ్ళకు ఆ సంఖ్య కేవలం అంకెగా కనిపించదు. విజయగర్వం పక్కనే ఒక మౌనం వచ్చి నిలుస్తుంది.

ఉప్పుగాలి ఇనుమును తినివేస్తుంది. తుప్పు గీకి, రంగు వేసి దానిని నిలుపుకోవచ్చు. కాని ఆ ఇనుములో శ్వాసించిన మనుషుల కంఠస్వరాన్ని నిలిపే రంగు ఏదీ లేదు. కుర్సురా విరమించి రెండు దశాబ్దాలు దాటింది. దానితోపాటు సాగరం అడుగున గడిపినవారి తలలు నెరిశాయి. అందుచేత ఈ నౌకను చూడబోయే పాఠకులకు ఒక్క విన్నపం. త్వరగా చూసి బయటపడాలని తొందరపడకండి. దారి చూపే ఆ పెద్దలను ఒక ప్రశ్న అడగండి. సమాధానం చెప్పేవారుండగానే అడగండి.