పెద్ద ఓడ, చిన్న లాంచీ

పిల్లలూ! మా అనంతపురం సీమలో ఏరు అంటే ఇసుక. పెన్నానది కర్ణాటకలోని నందికొండల దగ్గర పుట్టి, హిందూపురం వైపుగా మన రాష్ట్రంలోకి వస్తుంది. కాని ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో నీరు పారదు. ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తోడుకున్న వాళ్లు మా ఊళ్లలో ఎందరో ఉన్నారు. నైరుతి ఋతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య ఋతుపవనాలు చాలావరకు తూర్పు తీరంలోనే కురిసిపోతాయి. అందుచేత మాకు ఏడాదికి దక్కే వాన సుమారు 550 మిల్లీమీటర్లే.

అలాంటి చోట, పెన్న ఒడ్డున ఉన్న ఒక బడిలో నేను భూగోళం చెప్పేవాణ్ణి. ఒకనాడు ఓడల పాఠం జరుగుతుండగా ఏడో తరగతి పిల్లవాడొకడు లేచి, "సార్, సముద్రంలో పెద్ద ఓడ ఎక్కితే మేలా, ఏటిలో చిన్న పడవ ఎక్కితే మేలా?" అని అడిగాడు.

"పెద్ద ఓడే మేలు. సముద్రం ఎన్నడూ ఎండిపోదు గదా!" అన్నాను. పిల్లలందరూ నవ్వారు. నిజం చెప్పాలంటే అప్పటికి నేను ఓడా ఎక్కలేదు, పడవా ఎక్కలేదు. ఉద్యోగం విరమించిన తరువాత రెండూ ఎక్కాను. ఆ పిల్లవాడికి నేను చెప్పిన జవాబు సగమే సరి అని అప్పుడు తెలిసింది. మిగతా సగం ఇప్పుడు మీకు చెబుతాను.

2022 జూన్ నెలలో విశాఖపట్నం రేవు నుంచి చెన్నై వైపు ఎంప్రెస్ అనే విహార నౌక బయలుదేరింది. మా అబ్బాయి టికెట్లు తీస్తే నేనూ, మా ఇంటావిడా, మనవడూ అందులో వెళ్లాము. ఆ ఓడ పొడవు సుమారు 210 మీటర్లు. బడిలో 200 మీటర్ల పరుగుపందెం పెడతారే, దానికంటె పొడుగన్న మాట! లోపల పదికి పైగా అంతస్తులు, భోజనశాలలు, నాటకశాల, ఈతకొలను ఉన్నాయి. ప్రపంచంలో ఇంతకంటె పెద్దవీ ఉన్నాయి. 2024లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అనే ఓడ పొడవు 365 మీటర్లు.

"ఇంత ఇనుము ఎలా తేలుతుంది, తాతా?" అన్నాడు మనవడు.

"ఇనుప గుండు మునుగుతుంది గాని, ఇనుప గిన్నె తేలుతుంది గదా, నాయనా! ఓడ కూడా పెద్ద గిన్నెలాంటిదే. తన బరువుకు సమానమైన బరువు గల నీటిని పక్కకు తోసి తేలుతుంది. ఇంత బరువైన ఓడ చాలా నీటిని తోయాలి. అందుకని ఇది సుమారు 7 మీటర్ల లోతుకు దిగి ఉంటుంది" అని చెప్పాను.

మరునాడు తెల్లవారి చూస్తే ఎటు చూసినా నీళ్లే. మా సీమవాడికి అది చూడటమే పండుగ. నేను కన్నార్పకుండా చూస్తూ నిలబడ్డాను. మనవడు మాత్రం కొంతసేపు చూసి, "అంతా ఒకలాగే ఉంది" అని ఈతకొలను దగ్గరికి పరుగెత్తాడు. వాడి తప్పేమీ లేదు. ఒడ్డు కనపడని చోట చూడటానికి ఓడే మిగులుతుంది.

ఇంకొక సంగతి. చుట్టూ అంత నీరు ఉన్నా అది తాగటానికి పనికిరాదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. పెద్ద ఓడలలో ఆ నీటిని ఆవిరిచేసి చల్లార్చి గాని, సన్నని పొరలగుండా ఒత్తిడితో పంపి గాని మంచినీరు తయారుచేస్తారు. ఈ మాట విని మా ఇంటావిడ, "సముద్రం నడుమ ఉన్నా మన ఊరి బతుకేనన్న మాట!" అన్నది.

మరుసటి ఏడాది డిసెంబరులో పాపికొండలు చూడబోయాము. రాజమహేంద్రవరం నుంచి బస్సులో గండిపోచమ్మ గుడి దాకా వెళ్లి, అక్కడ లాంచీ ఎక్కాము. లాంచీ చిన్నది. ఈతకొలనూ లేదు, నాటకశాలా లేదు. కాని మనవడు రోజంతా రెయిలింగు వదలలేదు! ఒడ్డు అంత దగ్గరగా కదిలిపోతూ ఉన్నది. వెదురు పొదలు, చేపల వలలు, కొండరెడ్ల గూడేలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. ఖాళీ ఇళ్లు కూడా కనిపించాయి. పోలవరం ఆనకట్ట కారణంగా ఆ ఒడ్డున ఎన్నో గ్రామాలవారు ఊళ్లు వదిలి వెళ్లవలసి వచ్చింది. "వాళ్ల బడి ఏమయింది, తాతా?" అని వాడు అడిగినప్పుడు నాకు వెంటనే మాట రాలేదు. పెద్ద ఓడ మీద వాడు ఇలాంటి ప్రశ్న అడగనే లేదు.

కొండల నడుమ నది సన్నబడింది. ఇసుక ఎక్కడ మేట వేసిందో, లోతు ఎక్కడ ఉన్నదో నీటి రంగునుబట్టి గుర్తించి, సరంగు లాంచీని మలుపుతున్నాడు. నది మీద పోయేవాడు నదిని చదవాలి. చదవకుండా తెగిస్తే ప్రమాదం. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర ఒక విహార లాంచీ మునిగి ఎంతోమంది చనిపోయారు. కనుక పిల్లలూ, లాంచీ ఎక్కగానే తేలుడు చొక్కా తొడుక్కోండి. వరదనాడు ఎవరు పిలిచినా పడవ ఎక్కకండి.

యూరపు ఖండంలో రైన్, డాన్యూబ్ నదుల మీద కూడా విహార నౌకలు తిరుగుతాయి. అక్కడ నౌక కొలతలను లాకులే నిర్ణయిస్తాయి. ధవళేశ్వరంలో మీరు లాకులు చూసే ఉంటారు. పడవ లోపలికి రాగానే వెనుక తలుపు మూస్తారు. పైనుంచి నీరు వదులుతారు. నీటితోపాటు పడవ పైకి లేస్తుంది. అప్పుడు ముందు తలుపు తీస్తారు. రైన్, డాన్యూబ్ నదులను కలిపే కాలువ 1992లో పూర్తి అయింది. అందులో 16 లాకులున్నాయి. వాటి వెడల్పు 12 మీటర్లు కాబట్టి నౌక వెడల్పు అంతకు తక్కువే ఉండాలి. ఆ లాకుల మెట్లెక్కి నౌకలు సముద్రమట్టానికి 406 మీటర్ల ఎత్తుకు చేరుతాయి. మా అనంతపురం పట్నం కంటె అది ఎత్తు! అక్కడ నీరు పడవను ఎత్తుతుంది. ఇక్కడ మనం శ్రీశైలం నుంచి కృష్ణనీటిని మోటార్లతో ఎత్తి, హంద్రీనీవా కాలువలో జీడిపల్లి జలాశయానికి తెచ్చుకుంటున్నాము.

అక్కడ కరువు రాదనుకునేరు! 2018లోనూ, 2022లోనూ వానలు లేక రైన్‌లో నీరు బాగా తగ్గింది. రెండు మీటర్ల నీరు కూడా అక్కరలేని నౌకలు సైతం కొన్నిచోట్ల ఆగిపోయాయి. ప్రయాణికులను బస్సులలో తీసుకువెళ్లారు. ఎల్బే నదిలో "ఆకలి రాళ్లు" అని ఉన్నాయి. నీరు అడుగంటినప్పుడే అవి బయటపడతాయి. పూర్వులు వాటిమీద కరువు సంవత్సరాలు చెక్కి ఉంచారు. వాటిలో 1616 కూడా ఉన్నది.

ఇక ఆనాటి ప్రశ్నకు జవాబు దిద్దుకుంటాను. సముద్రం ఎండదు, పెద్ద ఓడలో సుఖమూ ఎక్కువే. కాని దేశాన్నీ, మనుషులనూ చూడాలంటే చిన్న పడవే మేలు. ఆ పడవ నడవాలంటే ఏటిలో నీరు ఉండాలి. వాన తక్కువైన సీమలో చెరువు పూడిక తీసి, కట్ట కాపాడి, పడిన చినుకును ఆపుకోవటం మనం చేయగల పని.

నన్ను ప్రశ్న అడిగిన ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడై ఉంటాడు. అతని ఇంటికి ఈ పత్రిక వస్తూ ఉంటే, ఈ జవాబు అతనికి చేరుతుందని నా ఆశ.