పద్నాలుగు పుస్తకాలల్ల ముందుగాల ఏది?

ఏందట్ల చూస్తున్నరు? చింతపండు గింజ తీస్తున్న, అంతే. మీరు కూడ ఆ పీట ఇటు జరుపుకోండ్రి. పొద్దుగూకేదాక మీకు మాత్రం ఏం పనుంటది? కూర కూడ పొద్దుగాలనే వండేసిండ్రు, పోపు వాసన మా దాక వచ్చింది. మెంతికూరనా?

ముచ్చటేందంటె, మా చెల్లె కొడుకు. మంచిర్యాల పోరడు. మీరు చూసిండ్రు, కండ్లద్దాలు పెట్టుకుంటడు, తల వంచుకొని నడుస్తడు, ఆవు ఎదురొచ్చినా చూడడు. అసిమోవ్ పుస్తకాలు చదువుడు మొదలువెడ్తనని బతుకమ్మ పండుగకు చెప్పిండు. సంక్రాంతి వచ్చింది, సకినాలు కూడ ఒడిసినయి, ఇంక మొదటి పేజీ తిప్పలె. ఎందుకురా అంటె, ‘పెద్దమ్మా, ఏది ముందు చదవాల్నో తేలుతలేదు’ అంటడు.

ఫ్రిజ్ తలుపు మీద కాగితం అతికిచ్చిండట. ఎర్రపెన్నుతోని కథాకాలం ప్రకారం ఒక వరుస, నీలిపెన్నుతోని అచ్చయిన సంవత్సరం ప్రకారం ఒక వరుస. నడుమ బాణాలు. మా చెల్లె పాలు తీయవోయినప్పుడల్లా కాగితం ఊడి వడ్తదట. వీడు మళ్ల అతికిస్తడు, అతికిచ్చేటప్పుడు ఒక బాణం మారుస్తడు. పిల్లను చూసుకునేటప్పుడు గూడ ఇంత ముందు వెనుక ఆడలె. పిల్లది జగిత్యాల, ఆ ముచ్చట వేరే ఉన్నది, తర్వాత చెప్త.

వాని బాధ ఉత్తదేం కాదు లెండి. ఐజాక్ అసిమోవ్ ఈ ‘ఫౌండేషన్’ కథలు అమెరికా పత్రికల 1942ల మొదలువెట్టిండు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేండ్లు. గెలాక్సీ అంతా ఏలే ఒక సామ్రాజ్యం కూలిపోతదని హారీ సెల్డన్ అనే లెక్కల పంతులు ముందే లెక్కగడ్తడు. కూలినంక ముప్పై వేల ఏండ్లు చీకటే, నా ఉపాయం ఇంటె వెయ్యేండ్లకు తగ్గుతది అంటడు. ఆ లెక్క గుంపులకే పనిచేస్తది, ఒక్క మనిషికి పనికిరాదు. అంటె గెలాక్సీ ఏమైతదో చెప్తడు గని, మన గల్లీల ఎవలు ఎవలతోని మాట్లాడుడు బంద్ వెడ్తరో చెప్పలేడు. దానికి నేనున్న.

ఆ కథలే 1951, 52, 53లల్ల మూడు పుస్తకాలైనయి. గమ్మత్తు ఇనుండ్రి. మొదటి పుస్తకంల మొట్టమొదటి కథ, సెల్డన్‌ను నిలవెట్టి విచారణ చేసేది, అది ఏ పత్రికల రాలె. పుస్తకం వేసేటప్పుడు ముందట ఒకటి ఉండాలెనని కొత్తగ రాసి కలిపిండు. మొదటి అధ్యాయమే ఆఖరికి రాసినదైతె ఇగ వరుస సంగతి ఏమడుగుతరు!

అటెన్క 29 ఏండ్లు ఈ ఫౌండేషన్ జోలికి పోలె. నడుమ రోబోల నవలలు రాసిండు, 1954ల ‘ది కేవ్స్ ఆఫ్ స్టీల్’, 1957ల ‘ది నేకెడ్ సన్’. చదివేటోళ్లు ఇడిచిపెడ్తరా? పబ్లిషర్లు ఊకుంటరా? 1982ల నాలుగోది రాసిండు. అక్కడికెళ్లి బుద్ధి మారింది. రోబోల కథలు, సామ్రాజ్యం కథలు, ఫౌండేషన్ కథలు, అన్నిటికి చుట్టరికం కలుపుడు మొదలువెట్టిండు. 1988ల ‘ప్రిల్యూడ్ టు ఫౌండేషన్’ల సెల్డన్‌ను మళ్ల పడుచోన్ని చేసిండు. ఆ పుస్తకం ముందుమాటల పద్నాలుగు పుస్తకాల పేర్లు కథాకాలం ప్రకారం వరుసవెట్టి ఇచ్చిండు. ముందుగాల అనుకొని రాసినవి కావు గనుక ఒకదానికొకటి పూర్తిగ పొసగకపోవచ్చని కూడ ఆడనే ఒప్పుకున్నడు. మా పోరడు పట్టికను పట్టుకున్నడు, ఆ మాటను ఇడిచిపెట్టిండు.

ఆ పట్టిక ప్రకారం పోతె 1951 పుస్తకం పదో నంబరు. అప్పటికి మన కండ్లద్దాల అయ్యకు బట్టతల వస్తది.

మొదటి పుస్తకంల ఒక గది ఉంటది. యాభై ఏండ్లకు అది తెరుచుకుంటది. టెర్మినస్ అనే గ్రహం మీది పెద్దమనుషులందరు వచ్చి కూసుంటరు. దీపాలు సన్నగిల్లుతయి. అద్దాల అరల చక్రాల కుర్చీ, అందుల సెల్డన్ బొమ్మ, ఒడిల పుస్తకం. పుస్తకం మెల్లగ మూసి మాట్లాడుతడు. ఆ మాటకు పెద్దమనుషుల మొఖాలు ఏమైతయో నేను చెప్ప. ఆ ముసలాయన ఎసొంటోడో, ఇంట్ల ఎట్ల ఉంటడో తెల్వకపోతెనే ఆ గదికి ఇలువ. ఆయన పడుచుతనం, పెండ్లాం ముచ్చట, దోస్తుల గుట్టు, అన్ని ముందే తెలుసుకొని పోయినంక, పక్కింటాయన టీవీల కనవడ్డట్టు ఉంటది.

అందుకే నేనైతె ఆ మూడు ముందు అంట. రెండోదాంట్ల మ్యూల్ అనేటోడు వస్తడు, వాని దాక జర ఓపిక పట్టుండ్రి. బాగనిపిస్తె రోబోల నవలలు నాలుగు, అటెన్క ఫౌండేషన్‌ల 1982ల వచ్చిన నాలుగోది, 1986ల వచ్చిన ఐదోది. సామ్రాజ్యం నవలలు మూడున్నయి, దొరికితె చదువుండ్రి, దొరక్కపోతె బెంగ వెట్టుకోకుండ్రి. ‘ప్రిల్యూడ్’ అన్నిటి ఎన్క, దానెంట ‘ఫార్వర్డ్ ది ఫౌండేషన్’. అసిమోవ్ 1992ల పోయిండు, ఆ పుస్తకం 1993ల వచ్చింది. పానం బాగలేనప్పుడు రాసింది. అందుల సెల్డన్ కూడ ముసలోడైతడు, తనోళ్లను ఒక్కొక్కరిని పోగొట్టుకుంటడు. దాన్ని ఎవలన్న ముందు చదువుతమంటె నాకు కోపమే వస్తది.

ఇసొంటి పొడుగు వరుసలు తెల్లోళ్లకే ఉన్నయనుకోకుండ్రి. విశ్వనాథ సత్యనారాయణ గారు 1959 నుంచి 61 దాక మన కరీంనగర్ సర్కారు కాలేజీల ప్రిన్సిపాల్. ఆయన పురాణవైర గ్రంథమాల పన్నెండు నవలలు. అవిగాక కాశ్మీర రాజవంశం మీద ఆరు, నేపాళ రాజవంశం మీద ఇంకో ఆరు. పక్కన కూసున్నోళ్లు రాసుకుంటుంటె నోటితోనే చెప్పుకుంట పోయేదట. పురాణవైరం భారతయుద్ధం అయినంక కలియుగంల మొదలైతది, ‘భగవంతుని మీది పగ’ మొదటిది, గుప్తుల కాలం దాక వస్తది. సైన్సు కథలు కావు, ఆ మాటంటె ఆయన తిట్టేటోడే. గని అసిమోవ్ వేల ఏండ్లు ముందుకు లెక్కగడితె, ఈయన వేల ఏండ్లు ఎనుకకు గట్టిండు. ఈయన వరుస కాలం ఎంబడే నడుస్తది గనుక బాణాలు గీసే తిప్పలు లేవు.

మా ఆడబిడ్డకు మాత్రం కాలం గీలం ఏమీ లేదు, పేర్లు చూసి చదువుతది. ‘హెలీనా’ ముందు తీసింది, పేరు సోకుగ ఉన్నదట. నేపాళ వరుసల ‘దిండు క్రింది పోకచెక్క’ కనవడితె, ఎవల దిండు కిందనో తెల్సుకోవాలెనని రాత్రంత కూసున్నది. అటెన్క మెల్లగ మొదటికొచ్చింది. ఏమీ నష్టం కాలె. ఏ వరుసకు చేరనిది కావాలంటె ‘హాహాహూహూ’ ఉన్నది, చిన్నది. గుర్రం మొఖం గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ల వడ్తడు, శాస్త్రజ్ఞులు చుట్టు మూగుతరు. నవ్వుతరు, చూడుండ్రి.

మా కాలంల వరుస మన చేతులెక్కడిది? లైబ్రరీల ఏది దొరికితె అదే మొదటిది. వారపత్రిక సీరియళ్లు చింపి దాచి బైండు కొట్టిచ్చుకునేటోళ్లం. నడుమ ఒక వారం తప్పకుండ పోయేది, పొట్లం కట్టనీకో, అల్మారిల పరవనీకో. ఆ వారం ఏమయిందో మనమే అల్లుకునేటోళ్లం. కొన్నిసార్లు మనం అల్లిందే బాగుండేది.

‘డ్యూన్’ అని ఇంకొకటున్నది. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965ల మొదటిది తెచ్చిండు, ఆరు తెచ్చి 1986ల పోయిండు. ఎన్కనుంచి కొడుకు ఇంకొకాయనను కలుపుకొని తండ్రి కథకు ముందటి కథలు రాసుకుంట పోయిండు. మా పోరని చెవుల మాత్రం వెయ్యకుండ్రి, మీకు దండం వెడ్త.

అవును గని, అసిమోవ్ మొదటి మూడిట్ల ఆఖరిది, ‘సెకండ్ ఫౌండేషన్’, మీ అల్మారిల ఉన్నదట గదా? మీ కోడలు చెప్పింది. నాది ఎవలో కొంటవోయి తెచ్చియ్యలె, పేరు చెప్తె బాగుండదు, మీకెరుకే. రేపు పొద్దుగాల ఈ గోడ మీదికెళ్లే అందియ్యుండ్రి. మీ సారు నడుమల పేజీ మడిచి పెట్టుకున్నరా? పర్వాలే, ఆ మడత నేను ముట్టుకోను.